పీపాని పేల్చిన మనిషి

యుద్ధం మొత్తం మీద మా ఆయన ముంచింది ఒకే ఒక్క పీపా. అది శత్రువులదా అంటే కాదు, మనవాళ్ళదే. దాంతో రేవంతా ఆయన్ని పీపా అనే పిలిచేది. కోపమొస్తే కన్నతల్లి కూడా ఆ పేరే వాడేది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ పాతవాళ్ళెవరైనా కనిపిస్తే "పీపాగారి భార్యవి కదూ" అంటారు. అవును మరి, ఇంకెవరి భార్యననుకున్నారు?

ఆయన సరుకుల ఓడలో ఖలాసీ. పిండి బస్తాలు, బొగ్గు, మేకులు, ఎండబెట్టిన గుడ్ల పొడి, ఏది ఎక్కిస్తే అది మోసుకుపోయే ఓడ. తుపాకులు పట్టినవాళ్ళకి యూనిఫారం ఉండేది, ఛాతీ మీద బిళ్ళలుండేవి. వీళ్ళకి ఉన్నది ఒక మాసిన స్వెట్టరు, జేబులో ఒక చెంచా. ఒకసారి బస్సులో ఒక పెద్దమనిషి మా ఆయన్ని కిందికీ మీదికీ చూసి, "గట్టిగానే ఉన్నావే, యుద్ధానికి పోకుండా ఊళ్ళో తిరుగుతున్నావా?" అన్నాడు. మా ఆయన తల దించుకున్నాడు. నేను దించుకుంటానా?

"పొద్దున మీరు తిన్న రొట్టె ఏ చెట్టుకి కాసిందనుకున్నారు బాబుగారూ? దాని పిండి మోసుకొచ్చింది ఈయనే. నచ్చకపోతే కక్కేయండి" అన్నాను.

బస్సంతా నవ్వింది. పెద్దమనిషి తర్వాతి స్టాపులో దిగిపోయాడు. అది ఆయన దిగాల్సిన స్టాపు కాదని కండక్టరు చెప్పాడు.

ఓడ మీద వాళ్ళ బతుకు ఎలా ఉండేదంటే, బట్టలతోనే, బూట్లతోనే పడుకోవాలి. తల కింద లైఫ్ జాకెట్టే దిండు. చీకటి పడ్డాక డెక్కు మీద ఎవడైనా అగ్గిపుల్ల గీస్తే సరంగు చెంప పగలగొట్టేవాడు. సరంగంటే ఖలాసీలందరికీ పెద్ద. పగటిపూట చెత్త నీళ్ళలో వెయ్యకూడదు. నీళ్ళ మీద బంగాళాదుంప తొక్కలు తేలితే, ఓడ ఇటే పోయిందని సబ్‌మెరైను వాడికి దారి చూపించినట్టే. అందుకని వంటవాడు చీకటి పడేదాకా తొక్కలన్నీ డబ్బాల్లో దాచేవాడు. "ఆ కంపుకి సబ్‌మెరైనే పారిపోవాలి" అనేవాడు మా ఆయన. ఇక అన్నిటికంటే ముఖ్యం ఇంజను చప్పుడు. అది వినిపిస్తున్నంతసేపూ గుర్రుపెట్టి నిద్రపోతారు. అది ఆగిందా, ఓడకి ఏదో అయిందని అందరూ దిగ్గున లేచి కూర్చుంటారు.

ఆ అలవాటు ఆయనతో పాటు మా ఇంటికీ వచ్చింది. మధ్యాహ్నం పూట నడుం వాలిస్తే నిద్ర పట్టేది కాదు. మా గదిలో చప్పుడు చాలదట! నేను పక్కన కూర్చుని కుట్టుమిషను తొక్కితే మాత్రం పసిపిల్లాడిలా నిద్రపోయేవాడు. దారం అయిపోయి మిషను ఆపానా, మంచం మీంచి ఎగిరి, దిండు మెడకి ఆనించుకుని తలుపు దగ్గర నిలబడేవాడు.

"ఎక్కడికయ్యా?"

"పడవేదే? పడవ దించారా?"

"దారం అయిపోయిందయ్యా. వెళ్ళి పడుకో."

మా అత్త మా దగ్గరే ఉండేది. "నా కొడుకుని గుండాగి చచ్చేలా చేస్తావా ఏమిటే? దారం అయిపోయేముందు ఒక మాట చెప్పొచ్చు కదా!" అని నా మీదే అరిచేది.

నేను పని చేసింది రేవు పక్కన రేకుల షెడ్డులో. ఓడలవాళ్ళకి లైఫ్ జాకెట్లు కుట్టేవాళ్ళం. గుడ్డ సంచులు కుట్టడం, వాటిలో బూరుగుదూది కూరడం, మూతి కుట్టేయడం. ఆ దూది నీళ్ళలో తేలినట్టే గాల్లోనూ తేలేది. ముక్కులోకి, కనురెప్పల మీదికి, టీ కప్పులోకి. సాయంత్రం షెడ్డు బయటికొచ్చేసరికి ఆడవాళ్ళందరం జుట్టు నెరిసిపోయి ముసలమ్మల్లా ఉండేవాళ్ళం. ఇప్పుడు ఏ దూదీ అక్కర్లేకుండానే అలా ఉన్నాను.

ఇక పీపా సంగతి.

యుద్ధం రోజుల్లో సరుకుల ఓడ ఒంటరిగా పోయేది కాదు. గుంపుగా పోయేవి, ఒకదాని వెనక ఒకటి. పొగమంచు కమ్మితే ముందు ఓడ కనబడదు, వెనక ఓడ దాన్ని గుద్దేస్తుంది. అందుకని ప్రతి ఓడా వెనక పొడుగాటి తాడు కట్టి ఒక చెక్క పీపాని లాక్కెళ్ళేది. పీపా నీళ్ళని చీల్చుకుంటూ పోతుంటే తెల్లగా ఒక చిమ్ముడు లేస్తుంది. వెనక ఓడవాళ్ళు ఆ చిమ్ముడు చూసుకుంటూ నడపాలి. బాగానే ఉంది కదా? కానీ సబ్‌మెరైను వాడు కూడా నీళ్ళలోంచి ఒక కంటి గొట్టం పైకి పెట్టి చూస్తాడు. అది కదిలినా తెల్లటి చిమ్ముడే లేస్తుంది.

మా ఆయనది కొంగ మెడ. ఆ మెడ చూసే సరంగు ఆయన్ని పైన కాపలాకి పెట్టాడు. పీపా సంగతి ముందే చెప్పారు. చెప్పలేదని ఆయన ఎప్పుడూ అనలేదు. అయితే ఏం, చెప్పింది రేవులో, టీ తాగుతూ. కనబడింది నడిసముద్రంలో, పొగమంచులో, నిద్రలేక మండుతున్న కళ్ళకి.

"సబ్‌మెరైన్! కుడి పక్క! కుడి పక్క!" అని అరిచాడు.

కెప్టెన్ గది పక్కనే ఒక చిన్న గన్ను బిగించి ఉండేది. దాని దగ్గర ఒక ముసలి సిపాయి. ఆయన్ని అందరూ గురి అన్న అనేవాళ్ళు. ఎందుకంటే ఆయన గురి ఎన్నడూ తగల్లేదు. గురి అన్న గన్ను తిప్పితే, దేని మీదికి కాలుస్తున్నాడో దాని పక్కన నిలబడటమే క్షేమం అనుకునేవాళ్ళు ఓడలో. ఆ రోజు మాత్రం మొదటి దెబ్బకే తగిలింది. పీపా ముక్కలు ముక్కలై గాల్లోకి లేచింది. గుంపులోని ఓడలన్నీ కూతలు మొదలెట్టాయి. ఒక ఓడ భయపడి పక్కకి తిరిగి, ఇంకోదాన్ని వెంట్రుకవాసిలో తప్పించుకుంది. అంతా సద్దుమణిగాక పొగమంచులోంచి, ముందు ఓడ మీంచి బాకాలో ఒక గొంతు వినబడిందట:

"ఒరేయ్! మా పీపా మీకేం అపకారం చేసిందిరా?"

కెప్టెన్ తిట్టలేదు. "ఇంకోసారి అరిచేముందు సరిగ్గా చూసుకో" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

ఓడ మా రేవుకి చేరేలోపే ఆ కథ చేరిపోయింది. మంగలి షాపులో "రావయ్యా రా, గెడ్డం గీస్తా, నీళ్ళ గిన్నె జాగ్రత్త, పేల్చకు" అన్నారు. కుళాయి దగ్గర పిల్లలు బకెట్టులో చెంబు వేసి "అదుగో సబ్‌మెరైన్" అని అరిచారు. సరంగు ఎదురైతే, "ఏం పీపా, ఈ పూట ఎన్నింటిని ముంచావ్?" అన్నాడు. మొదటిరోజు ఆయన కూడా నవ్వాడు. రెండో రోజు నవ్వలేదు. ఆ తర్వాత ఇంట్లోంచి బయటికి వెళ్ళడం మానేశాడు.

ఒక సాయంత్రం బూటు లేసు విప్పుకుంటూ అన్నాడు:

"కింద బాయిలర్ గదిలోకి మారిపోతున్నాను. ఇంజనీరుతో మాట్లాడాను, సరేనన్నాడు. ఓడ కదిలే ముందు ఒక్క సంతకం పెడితే అయిపోతుంది."

బాయిలర్ గదంటే ఓడ అడుగున, నీళ్ళ కంటే కింద. శత్రువు నీళ్ళలోంచి వదిలే టార్పెడో తగిలితే ముందు తగిలేది అక్కడే. పైకి రావడానికి ఒకటే ఇనప నిచ్చెన, అది కూడా మనిషి వెంట మనిషి ఎక్కాలి. మా షెడ్డులో నా పక్క మిషనామె మొగుడు అలాంటి గదిలోనే పోయాడు. ఆమె కుట్టే జాకెట్లు ఓడలవాళ్ళందరూ తొడుక్కునేవాళ్ళు, ఆయన ఒక్కనాడూ తొడుక్కోలేదు. ఆ వేడిలో ఒంటి మీద బనీనే ఉండదు, ఇక జాకెట్టెక్కడ?

"నీ చేతులు బొగ్గు ఎత్తే చేతులా?" అన్నాను.

"నేర్చుకుంటా."

"ఎందుకంట?"

"కింద చూడ్డానికి ఏమీ ఉండదే. బొగ్గు, నిప్పు, అంతే. పైన నిలబడితే మళ్ళీ ఏదో ఒకటి కనబడుతుంది. అరవాలా, వద్దా? అరిస్తే నవ్వుతారు."

"అరవకపోతే?"

రెండో బూటు లేసు లాగుతూ కూర్చున్నాడు, అది అప్పటికే ఊడిపోయింది.

"అంటే నలుగురు నవ్వుతారని గోతిలోకి దిగుతావన్నమాట."

"నీకేం, నిన్నెవరూ పీపా అనడం లేదు."

మూల కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతున్న మా అత్త తలెత్తకుండానే అంది: "వీడు పుట్టినప్పుడే ఏడవలేదు. మంత్రసాని తలకిందులు చేసి కొడితే గాని నోరు తెరవలేదు. అప్పుడే అనుకున్నా, అరవాల్సిన చోట అరవడు వీడని."

తిట్టి చూశాను. బతిమాలి చూశాను. బతిమాలడం నాకు చేతకాదు, అది కూడా తిట్టినట్టే ఉంటుందట. ఆయన మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఓడ కదిలే రోజు దగ్గరపడుతోంది. ఆ పూటంతా మిషను తొక్కుతూ ఆలోచించాను. ఈయన్ని చంపబోయేది సబ్‌మెరైను కాదు, ఒక నవ్వులాట. అది ఊరివాళ్ళ నోళ్ళలో ఉన్నంతకాలం ఈయనకి ముల్లే. మరి దాన్ని నేనే లాక్కుంటే? వాళ్ళు నవ్వేకంటే ముందే, వాళ్ళకంటే గట్టిగా నేనే నవ్వేసి, అరగదీసి పారేస్తే?

మర్నాడు టీ వేళ మిషన్లన్నీ ఆగాక, దూది మూట ఒకటి దొర్లించుకుని దాని మీదికెక్కాను.

"అమ్మాయిలూ! మా ఆయన్ని ఎగతాళి చేస్తున్నారట కదా. ఒక్కదానికీ సరిగ్గా చెయ్యడం రావట్లేదు. నేను చెప్తా వినండి."

ఇక చూస్కో. పీపా పుట్టుక దగ్గర్నించి ఎత్తుకున్నాను. పాపం మంచి కుటుంబంలో పుట్టిన పీపా. చిన్నప్పుడు పచ్చళ్ళు మోసింది. పెద్దయ్యాక దేశసేవ చేద్దామని సముద్రానికొచ్చింది. మా ఆయన్ని చూడగానే రెండు చేతులూ పైకెత్తి లొంగిపోయింది. అయినా గురి అన్న వదల్లేదు. ఇప్పుడు పీపా పెళ్ళాం, వెంట రెండు చిన్న డబ్బాలు పిల్లలు, మా గుమ్మంలో కూర్చుని ఏడుస్తున్నాయి, మా ఇంటి పెద్ద మనిషిని మాకిచ్చెయ్యమని. మా అత్తేమో "మా వాణ్ణి తీసుకుపొండి, తాడు కట్టి లాక్కోండి, వీడూ లోపల ఖాళీయే" అంటోంది.

ఒకామె నవ్వుతూ సూది వేలికి గుచ్చుకుంది. ఇంకొకామె నోట్లో టీ పక్కామె మీద పడింది. నా పక్క మిషనామె, మొగుడు పోయిన దగ్గర్నించి పెదవి విప్పని మనిషి, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే నా మణికట్టు గట్టిగా పట్టుకుని, నాకొక్కదానికే వినబడేలా అంది:

"కిందికి దిగనివ్వకు."

సాయంత్రానికి ఆ కథ రేవంతా పాకింది. నేను చెప్పినట్టే, డబ్బా పిల్లలతో సహా. మా గదికి జనం రావడం మొదలెట్టారు, అసలు కథ వింటామని. మా అత్త నా మీద విరుచుకుపడింది.

"మొగుడి పరువు తీసుకెళ్ళి నడిబజార్లో ఆరేసొచ్చావా?"

"ఇంట్లో ముద్ద చేసి పెడితే కంపు కొడుతోందత్తా. అందుకే ఆరేశా."

గురి అన్న కూడా వచ్చి పెట్టె మీద కూర్చున్నాడు. "చెల్లెమ్మా, నా గురి గురించి కాస్త మంచిగా చెప్పు" అన్నాడు. మా ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు. మిషను తొక్కడం లేదుగా.

నేను మొదలెట్టాను. "అలా పొగమంచులో ఎడమ పక్కనుంచి వచ్చింది పీపా…"

"కుడి" అంది గోడ.

"ఏంటీ?"

"కుడి పక్క. తెలీకపోతే చెప్పకు."

"సరే, కుడి పక్కే. ఎర్రటి పీపా…"

"ఎర్రదేంటి? తారు పూసిన నల్ల పీపా!" ఇటు తిరిగాడు.

"తాటిచెట్టంత ఎత్తున నీళ్ళు చిమ్ముకుంటూ…"

"ఒసేయ్, అంత ఎత్తున చిమ్మితే గుడ్డివాడికి కూడా అది సబ్‌మెరైను కాదని తెలుస్తుంది!" లేచి కూర్చున్నాడు. "నువ్వు నోరు ముయ్యి. నేను చెప్తా."

అప్పుడు చెప్పాడు. నేను చెప్పినదానికంటే వందరెట్లు బాగా చెప్పాడు. మా అత్త చేతిలోంచి దుంపల గిన్నె లాక్కుని, దాన్ని నేల మీద తాడుతో లాగుతూ, కొంగ మెడ చాచి చూస్తూ, కళ్ళు చికిలిస్తూ, మధ్యలో పీపా గొంతుతో కూడా మాట్లాడుతూ. గురి అన్న "ఒక్క దెబ్బకే కొట్టా, అది చెప్పు" అని పదేపదే అడ్డం పడ్డాడు. "చెప్తానుండన్నా, నీ జన్మలో కొట్టింది అదొక్కటే కదా, దాన్నెలా వదిలేస్తా?" అన్నాడు మా ఆయన. బాకా గొంతు దగ్గరికొచ్చేసరికి తనే నవ్వాపుకోలేక గోడకి చేరబడిపోయాడు. దుంపలన్నీ మంచాల కింద దొర్లాయి. ఏరుకున్నది మా అత్తే, తిట్టుకుంటూ.

మర్నాడు సరంగు ఎదురై, "ఏం పీపా?" అన్నాడో లేదో, "మీ ఇంట్లో పీపాలేమన్నా మిగిలాయా సరంగన్నా? గన్నులో గుళ్ళు ఇంకా ఉన్నాయి" అన్నాడట మా ఆయన. ఇంజనీరు దగ్గరికి వెళ్ళి, కిందికి రానని చెప్పేసి వచ్చాడు. నాతో ఆ మాట అనలేదు. బూట్లకి నూనె రాస్తూ, "పైన గాలి ఎక్కువ, ఇంకో స్వెట్టరు కావాలి" అన్నాడు. అంతే. నేను అల్లిచ్చాను.

ఆ ప్రయాణంలో వాళ్ళ ఓడ గుంపులో అన్నిటికంటే వెనక పడింది. పగలు, ఎండ బాగానే ఉంది. దూరంగా నీళ్ళలోంచి సన్నగా నిలువుగా ఏదో లేచిందట. అల వస్తే మాయమైంది. మళ్ళీ లేచింది. "పీపానేమో అనిపించిందే. ముందున్న ఏ ఓడదో తాడు తెగి వచ్చిందేమో అనిపించింది. మళ్ళీ నవ్వుతారనీ అనుకున్నా. అప్పుడు గుర్తొచ్చింది, ఇక నవ్వడానికి ఏం మిగిలింది వాళ్ళకి? నువ్వు మొత్తం అయిపోగొట్టావుగా" అన్నాడు నాతో, తర్వాత.

అరిచాడు. గొంతు చీలిపోయేలా అరిచాడు.

గురి అన్న గన్ను తిప్పాడు. "ఈసారి పీపా కాదు కదా తమ్ముడూ?"

"తెలీదు! కళ్ళు పెట్టి చూడు!"

అల దిగింది. కర్రలాంటిది మళ్ళీ లేచింది. దాని చివర ఏదో రెపరెపలాడుతోంది. గురి అన్న వేలు బిగుస్తోంది. మా ఆయన పైనుంచి రెండు చేతులూ ఊపుతూ మళ్ళీ అరవడం మొదలెట్టాడు:

"కాల్చకన్నా! కాల్చకు! దానికి చొక్కా ఉంది!"

ఓడంతా ఆయనకి మతి పోయిందనుకుంది. సరంగు దుర్బిణి లాక్కుని చూశాడు. చెక్కలు కట్టిన తెప్ప, అలల మధ్య అణిగిపోయి. దాని మీద నిలబెట్టిన తెడ్డు, తెడ్డుకి కట్టిన చొక్కా. పక్కన ఐదుగురు మనుషులు, చెయ్యి ఎత్తే ఓపిక కూడా లేక పడుకుని. అంతకుముందు మునిగిన ఒక ఓడవాళ్ళు.

గుంపులో ఓడ ఆగకూడదు. ఆగితే సబ్‌మెరైనుకి బల్ల మీద పళ్ళెం పెట్టినట్టే. ఆ కెప్టెన్ మంచివాడు, పూర్తిగా ఆపకుండా నెమ్మదిగా పోనిచ్చి, పక్కన తాళ్ళ వల దింపించాడు. ఖలాసీలు నడుములకి తాళ్ళు కట్టుకుని వేలాడుతూ ఐదుగురినీ పైకి లాగారు. మొదట పైకొచ్చినవాడి పెదాలు పగిలిపోయి ఉన్నాయి. అయినా అడిగాడట, "మమ్మల్ని ఎవరు చూశారు?" అని.

"పీపా" అన్నారందరూ ఒకేసారి.

పాపం, వాడికి అర్థం కాలేదు. ఎండదెబ్బకి వీళ్ళకి కూడా మతి పోయిందేమో అనుకున్నాడట.

ఓడ వచ్చిన రోజు షెడ్డు నుంచి అలాగే పరిగెత్తాను, తల మీద దూదితోనే. మా ఆయన మెట్లు దిగుతున్నాడు. వెనక ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, ఒంటి మీద నేనల్లిన స్వెట్టరు. ఆ వెనక ఇంకో నలుగురు, తలో గుడ్డ చుట్టుకుని.

"కొత్త స్వెట్టరు ఎవరికిచ్చావయ్యా?" అన్నాను. ఆ కంగారులో నా నోటికి అదే వచ్చింది మరి.

"నాకే వదినా" అన్నాడు ఆ పరాయి మనిషి. "బాగా కుదిరింది."

వాళ్ళని ఊళ్ళకి పంపే ఏర్పాటు జరిగేదాకా ఎక్కడుంటారు? మా ఇంట్లోనే. ఒకటే గది. మంచాలు గోడకి నిలబెట్టేశాం. వాళ్ళు తింటుంటే పొయ్యి ఆరేది కాదు. రొట్టెలు, ఉడకబెట్టిన దుంపలు, ఏది పెట్టినా పళ్ళెంలో మిగిలేది కాదు. మా అత్త వడ్డిస్తూ, తిడుతూ, మళ్ళీ వడ్డిస్తూ.

"ఇంకొంచెం పెట్టు అమ్మమ్మా" అన్నాడు వాళ్ళలో ఒకడు.

"పెడతా. తిన్నాక లేచి గిన్నెలు కడగండి. నీళ్ళలో అన్నాళ్ళు నానారు కదా, ఇంకాస్త నానితే అరిగిపోరు."

ఐదుగురూ లేచారు. వాళ్ళతోపాటు మా ఆయనా గిన్నె పట్టుకుని లేచాడు.

"నువ్వు కూర్చోరా" అంది మా అత్త, ఆయన పళ్ళెంలో ఇంకో రొట్టె వేస్తూ. "నువ్వు అరిచావు కదా."